ఆగుళ్ళ పట్టీ

తాళం తీసి లోపలికి వచ్చి, ఆయన ముందుగా కంప్యూటరు పెట్టెకి అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. చూడి గేదె డొక్క మీద చెయ్యి వేసి దూడ కదలిక కోసం చూసే రైతులా కాసేపు కళ్ళు మూసుకున్నాడు. వెచ్చగా ఉంది. లోపల డిస్కు తిరుగుతున్న వణుకు చెవికి అందలేదు గానీ చేతికి అందింది.

"బాగున్నారన్నమాట," అన్నాడు పెట్టెతో. ఆ తర్వాతే సంచీ మేకుకి తగిలించాడు.

అది బస్సు డిపోలో వెనక గది. ఒక బల్ల, ఒక కుర్చీ, గరాజు వైపు ఒక కిటికీ. బల్ల మీద ముప్పై ఏళ్ళ నాటి కంప్యూటరు. వచ్చిన కొత్తలో తెల్లగా ఉండేది, ఇప్పుడు టీ వడకట్టే గుడ్డ రంగుకి దిగింది. నల్లటి తెర, ఆకుపచ్చ అక్షరాలు. పదకొండేళ్ళుగా దాన్ని ఎవరూ ఆపలేదు. డిస్కు ఇరుసుకి పూసిన జిడ్డు ఎప్పుడో గట్టిపడింది. తిరుగుతున్నంతసేపూ ఆ వేడికి మెత్తగా ఉంటుంది, ఆగి చల్లారితే జిగురులా పట్టేస్తుంది. నడుస్తున్న ముసలి ఎద్దు లాంటిదది. కూలబడిందా, ఇక లేవదు. పాత సామాను కొట్లలో ఏరుకొచ్చిన ఇలాంటి పెట్టెలు ఆయన ఇంట్లో ఐదున్నాయి. నాలుగు అలాగే పోయాయి. "చచ్చినవాటిని తుడిచి బీరువా మీద పెట్టుకునే మనిషి లోకంలో మీరొక్కరే" అంటుంది భార్య.

డిపోలో అందరికీ ఆయన డబ్బాయన. బస్సులు బయల్దేరే వేళలు పైఆఫీసు నుంచి వస్తాయి. అవి కొత్త కంప్యూటర్లలో ఉంటాయి, గోడల మీద ఉంటాయి, ఈ మధ్య అందరి ఫోన్లలోనూ ఉంటున్నాయి. డబ్బాయన దగ్గరున్నది వేరు. ఏ కూడలిలో ఏ బస్సు, వెనక వచ్చే ఏ బస్సు కోసం, ఎన్ని నిమిషాలు ఆగాలో ఆ పట్టీ. వాటికి ఆయన పెట్టుకున్న పేరు ఆగుళ్ళు. ఇరవయ్యారేళ్ళు కూడళ్ళలో నిలబడి, ఎవరు ఎక్కణ్ణుంచి పరుగెత్తుకొస్తారో చూసి, ఒక్కొక్కటే ఎక్కించుకున్నాడు. రెండు వందల పన్నెండు ఆగుళ్ళు. షిఫ్టు మారితే మారేవి, బడి సెలవులకి మారేవి, ఆసుపత్రిలో పెద్ద డాక్టరు వచ్చే రోజుకి మారేవి. ఏ రోజు లెక్క ఆ రోజు పెట్టె తేల్చి చెబుతుంది. పొద్దున్న డ్రైవర్లు కిటికీ దగ్గరికి వస్తారు, ఆయన చదువుతాడు.

"వంతెన దగ్గర రెండు. ఆసుపత్రి మూల నాలుగు, ఇవాళ పెద్ద డాక్టరు వస్తాడు."

"నాలుగా? నా వెనక బండివాడు హారన్‌తో చెవులు కోసేస్తాడయ్యా."

"కోయనీ. రెండున్నాయిగా."

బస్సుల గురించి ఆయనకి గట్టి అభిప్రాయం ఉంది. కదిలేది ఏదైనా బండే, ఆగడం తెలిసినదే బస్సు. కారు ఒక్కడి తొందర మీద నడుస్తుంది, బస్సు నలుగురి ఓపిక మీద నడుస్తుంది. యంత్రాల గురించీ ఉంది. పాత యంత్రం మనం చెప్పింది వింటుంది, కొత్త యంత్రం మనం చెప్పనివి కూడా వింటుంది. భాష గురించి అయితే అడక్కపోయినా చెబుతాడు. ఈ పెట్టెకి మన అక్షరాలు ఆయనే నేర్పాడు, గళ్ళ కాగితం మీద చుక్క చుక్కా పెట్టి. తప్పు నొక్కితే అది మొరటుగా కీచుమనేది. దాన్ని తీసేసి "ఇది కుదరదండీ, ఇంకోసారి చూస్తారా" అని రాశాడు. మర్యాద నేర్పని యంత్రం ముందు రోజంతా కూర్చుంటే మనిషి మర్యాద పోతుందని ఆయన నమ్మకం.

ఆఖరి డ్రైవరు వెళ్ళాక కిటికీ నుంచి ఇటు తిరిగితే, తలుపు కింద నుంచి ఎవరో తోసిన కాగితం కనబడింది. *ఈ రోజు సాయంత్రం నాలుగు నుంచి ఆరు వరకు డిపో మొత్తానికి కరెంటు ఉండదు. కొత్త తీగలు వేస్తారు.*

రెండుసార్లు చదివాడు. ఎడమ చెయ్యి పొద్దుటి నుంచీ తిమ్మిరిగా ఉంది, దాన్ని నలుపుకుంటూనే మేనేజరు గదికి నడిచాడు.

మేనేజరు వయసులో చిన్నవాడు, చెడ్డవాడు కాడు. "రెండు గంటలేగా పెద్దాయనా. ఆపి, మళ్ళీ వేసుకోండి."

"ఆపితే లేవదండీ."

"లేవకపోతే మంచిదే. కొత్తది ఇప్పిస్తాను. మీ పట్టీకి నకలు ఉంది కదా? వారం వారం తీస్తుంటారుగా."

"ఉందండీ," అన్నాడు.

లేదు. నకలు తీసే ఫ్లాపీ సొరుగు నాలుగేళ్ళ క్రితమే పాడైంది. ఆ సంగతి చెబితే, ఇంకేం, తీసుకెళ్ళి తుక్కులో వేయండంటారని భయపడ్డాడు. భయపడి దాచాడు. ప్రింటరు అంతకుముందే పోయింది. ఫోనుతో ఫోటో తీస్తే ఆ తెర చారలుగా పడుతుందే తప్ప అక్షరాలు రావు. అప్పటి నుంచీ ప్రతి శనివారం మధ్యాహ్నం, ఎవరైనా చూస్తే చూడనీ అన్నట్టు, ఒక ఫ్లాపీ సొరుగులో పెట్టి, ఐదు నిమిషాలు కూర్చుని, బయటికి తీసి, అట్ట మీద తేదీ వేసేవాడు. అలమరలో రెండు వందలకు పైగా ఖాళీ ఫ్లాపీలు వరసగా తేదీలతో నిలబడి ఉన్నాయి. చేతి రాతతో ఎక్కించుకుందామని ఎన్నోసార్లు అనుకున్నాడు. రాయడానికి కూర్చుంటే పెట్టె పోతుందని ఒప్పుకున్నట్టే అనిపించి మానేసేవాడు.

ఇప్పుడు తొమ్మిదిన్నర. పొడుగు పుస్తకం తీసి గీతలు గీశాడు. కూడలి, బస్సు, ఎవరి కోసం, ఎప్పుడు ఎన్ని నిమిషాలు. చూసి రాసేదే అయినా అంకెలు తేళ్ళలా పాకుతున్నాయి. పదకొండింటికి ఇరవై నాలుగు అయ్యాయి. గుణించి చూసుకున్నాడు. కుదరదు. మళ్ళీ గుణించాడు.

"ఏంటి మావగారూ, ప్రేమలేఖా?"

ఆయన్ని వేళాకోళానికి మావగారూ అని పిలిచే కండక్టరమ్మ. రెండు ట్రిప్పుల మధ్య ఆ గదిలో ఫ్యాను కింద కూర్చుని రొట్టె తింటుంది. ఇరవై ఏళ్ళుగా బస్సులో అరిచీ అరిచీ ఆమె గుసగుస కూడా గరాజు దాకా వినిపిస్తుంది. ఆయన మొహం చూసి నవ్వు ఆపేసింది.

"ఏమైంది?"

ఆయన చెప్పాడు. నాలుగేళ్ళలో మొదటిసారి ఒకరికి చెప్పడం.

"అంటే ఆ అలమరలోవన్నీ ఖాళీవా?"

"ఖాళీవే."

"తేదీలు వేసి మరీ." ఆమె రొట్టె పొట్లం పక్కకి నెట్టింది. "మా ఆయన సిగరెట్లు మానేశానని రోజూ ఒట్టేసి పెరట్లో కాల్చేవాడు. ఆ పొగైనా కనబడేది. మీరు అంతకు మించిన ఘనులు. ఇటివ్వండి ఆ పెన్ను. మీరు చదవండి, నేను రాస్తా. నా మధ్యాహ్నం ట్రిప్పు ఇంకో పిల్ల చూసుకుంటుందిలే."

"మేనేజరుకి..."

"చెప్పను. చదవండి ముందు."

ఆయన చదివాడు, ఆమె రాసింది. ఆమె చెయ్యి కదులుతున్న బస్సులో రాయడానికి అలవాటు పడ్డది, నిలకడ బల్ల మీద గుర్రంలా పరుగెత్తింది. మధ్యలో అడుగుతుండేది.

"ఈ కూడలిలో ఆరు నిమిషాలెందుకు? అక్కడ ఈగ కూడా ఎక్కదు."

"చూపు లేనాయన ఒకడు పాటల క్లాసుకి వెళ్తాడు. కర్రతో రోడ్డు దాటాలి."

"ఆయన పోయి రెండేళ్ళయింది కదండీ."

డబ్బాయన తెర మీంచి కళ్ళు తిప్పలేదు. "ఇప్పుడు ఆయన చెల్లెలు వస్తోంది. రాయండి, ఆరు."

అది నిజమో కాదో ఆమె అడగలేదు. ఆరు రాసింది.

నూట నలభై అయ్యేసరికి రెండున్నర. నూట డెబ్భై ఆరుకి మూడూ ముప్పావు. ఆయన చొక్కా వీపుకి అంటుకుపోయింది. పైన ఫ్యాను తిరుగుతూనే ఉంది. "నాలుగింటికి అన్నారుగా, ఇంకా పావుగంట," అని ఆమె అంటుండగానే ఫ్యాను నెమ్మదించింది. లైనుమెన్లు ఇంటికి తొందరపడ్డట్టున్నారు.

బల్ల కింద యూపీఎస్ కూత మొదలుపెట్టింది. బ్యాటరీ పాతది, నలభై నిమిషాలన్నది పన్నెండుకి మించి మొయ్యదని ఆయనకి తెలుసు. తెర వెలుగు తప్ప గదిలో వెలుగు లేదు. ఆయన చదువుతూనే ఉన్నాడు. ఆఖరి దాకా చదివి కరెంటు ఉన్నపళంగా తెగితే డిస్కు గీసుకుపోతుంది, ఇక ఆశే ఉండదు. ముందే పద్ధతిగా ఆపితే నూటికి ఒక పాలు లేస్తుందేమో. చదవాలా, ఆపాలా. కూత వేగం పెరిగింది.

"ఎంత దాకా వచ్చాం?"

"నూట ఎనభై తొమ్మిది."

"చాలు. మిగతావి నాకు నోటికి వచ్చు."

"నిజంగానా?"

"వచ్చు," అన్నాడు. ఆయనకి ఆ నమ్మకం లేదని ఆమెకి అర్థమైంది.

పదకొండేళ్ళుగా నొక్కని మీటలు రెండు నొక్కాడు. తెర మీద ఉన్నదంతా పోయి మధ్యలో ఒక్క వరస మిగిలింది. ఎప్పుడో తన చేత్తో రాసినదే. రాశానన్న సంగతే మర్చిపోయాడు.

*వెళ్ళొస్తానండీ.*

లోపల డిస్కు సన్నగా ఈలవేస్తూ దిగింది. బావిలోకి చేంతాడు దిగినట్టు దిగి దిగి, ఆగింది. ఆయన యూపీఎస్ కూడా కట్టేశాక, డిపోలో అంత నిశ్శబ్దం ఉందని ఇద్దరికీ అప్పుడే తెలిసింది. ఆయన పెట్టె మీద చెయ్యి వేసి, వేడి తగ్గడం తెలుస్తుంటే చెయ్యి తీయలేక, తీయకుండా ఉండలేక నిలబడిపోయాడు.

ఐదున్నరకే కరెంటు వచ్చింది. ఫ్యాను తిరిగింది. మేనేజరు తలుపు దగ్గర తొంగిచూశాడు.

"వేయలేదా?"

ఆయన స్విచ్చి మీద వేలు పెట్టాడు. వేలు అక్కడే ఉంది. ముగ్గురూ ఆ వేలినే చూస్తున్నారు. ఆయన వేలు వెనక్కి తీశాడు.

"రేపు పొద్దున వేస్తానండీ. కాస్త స్థిమితంగా."

మేనేజరు భుజాలు ఎగరేసి వెళ్ళిపోయాడు.

ఆరుంపావు బస్సుకి ఆమెదే డ్యూటీ. ఆయన ఇంటికి వెళ్ళేదీ అదే. ముందు చక్రం పైన సీటులో ఆయన కిటికీ వైపు కూర్చున్నాడు. టికెట్లు కొట్టడం అయ్యాక ఆమె పక్కన కూలబడి, పొడుగు పుస్తకం గదిలోనే మర్చిపోయానని గుర్తొచ్చి నాలుక కరుచుకుని, ట్రిప్పు షీటు వెనక వైపు తిప్పి ఒళ్ళో పెట్టుకుంది.

"కానివ్వండి. ఇరవై మూడు ఉన్నాయి."

ఆయన కిటికీలోంచి చూస్తూ చెప్పాడు. చిత్రంగా, తెర లేకపోతే బాగా వస్తున్నాయి. ఒక్కో కూడలీ, అక్కడ నిలబడ్డ మనుషులూ కళ్ళ ముందుకి వస్తున్నారు. గొడుగుతో వచ్చే టీచరు, ఇద్దరు పిల్లల్నీ రెండు చంకల్లో వేసుకొచ్చే నర్సు. భయం కొంచెం కొంచెంగా దిగుతున్నట్టు గొంతు మెత్తబడింది. ఆమె ఒక గీత, ఒక అంకె, ఒక గీత.

"ఇరవై రెండు అయ్యాయి. ఒక్కటే బాకీ," అంది ఆమె. "రేపు మీరు నాకు టీ పోయించాలి."

"మిల్లు మలుపు," అన్నాడు. "ఇదే బస్సు. నేత సెక్షన్ ఆడవాళ్ళు గేటు దాటి రావాలి. పగటి షిఫ్టు వారం అయితే..."

ఆమె పెన్ను గడిలో ఆనించి ఆగింది.

"అయితే?"

ఆయన కిటికీకి తల ఆనించుకున్నాడు. ఆలోచిస్తున్నాడనుకుంది. బస్సు ఒక గుంట దిగి ఎక్కింది. ఆయన తల అద్దానికి తగిలి, మళ్ళీ అక్కడే ఆగింది.

"మావగారూ, ఎన్ని?"

ఆమె ఆయన ఎడమ మణికట్టు పట్టుకుని చూసింది, నాడి అందలేదు. కాసేపు అలాగే పట్టుకుని ఉంది. తర్వాత జారిన కళ్ళజోడు సరిచేసి పెట్టింది.

మిల్లు మలుపు వచ్చింది. డ్రైవరు బండి పక్కకి తీశాడు. "ఎన్ని నిమిషాలక్కా ఇవాళ? మధ్యాహ్నం డ్యూటీ ఎక్కేటప్పుడు ఆయన ఏదో పనిలో ఉన్నాడని అడగలేదు."

డ్రైవరు అద్దంలో వెనక్కి చూశాడు. చూసి, ఇంజను ఆపేశాడు. వెనక ఒక కారు హారన్ కొట్టి, కొట్టి, తప్పుకుని వెళ్ళిపోయింది. గేటు లోంచి ఒకామె వచ్చి ఎక్కింది. తర్వాత ఇద్దరు. తర్వాత దూరం నుంచి ఒకతె చెప్పులు చేత్తో పట్టుకుని పరుగెత్తుకొస్తూ, బస్సు ఇంకా ఉందని చూసి నడక అందుకుంది. ఆమె కూడా ఎక్కింది. కండక్టరమ్మ గంట కొట్టలేదు.

ఆయన్ని ఆడవాళ్ళే నలుగురు సాయం పట్టి దించారు. ఖాళీ అయిన సీటులో ట్రిప్పు షీటు బోర్లా పడి ఉంది. ఇరవై రెండు గళ్ళలో అంకెలు, ఇరవై మూడో గడిలో పెన్ను ఆగిన చోట ఊరిన సిరా, ఇంకా ఆరని ఒక్క చుక్క.