ఏడో గ్రీన్ దూరం

పొద్దున్నే గోల్ఫ్ మైదానానికి రాగానే, సంచీలు మోసే పద్నాలుగు మందీ అడిగే మాట ఒకటే: ఏడో గ్రీన్ ఇవాళ ఎక్కడుంది? గడ్డి నున్నగా కత్తిరించి, మధ్యలో జెండా పాతిన గుండ్రటి జాగాని ఆటవాళ్ళు గ్రీన్ అంటారు. మిగతా పదిహేడూ ఉన్నచోటే పడుంటాయి. ఏడోదానికి మాత్రం కాలు నిలవదు. ఇవాళ ఇసుక గుంట పక్కనుంటే, రేపటికి పది గజాలు ఇవతలికి జరిగి ఉంటుంది. గడ్డి కోసే మనిషి మిషను తోసుకుంటూ దాన్ని వెతుక్కుని, దొరికాక కోస్తాడు. దాని గురించి ఎవరూ బుర్ర బద్దలు కొట్టుకోలేదు.

అది ఎంత దూరంలో ఉందో చూసీ చూడగానే చెప్పేవాడు టేపు బాబాయి. ముప్పై ఒక్క ఏళ్ళుగా అక్కడే సంచీలు మోస్తున్నాడు. అసలు పేరు అందరూ మర్చిపోయారు. ఏ కర్రతో కొట్టాలో తేల్చుకోవడానికి ఆటవాళ్ళు ఆయన నోటివంక చూసేవాళ్ళు. గజాల విషయంలో దేవుడు దిగొచ్చినా ఆయన మాట మార్చడు.

అందుకే కాబోలు, క్లబ్బు సెక్రటరీ ఒక పని ఆయన నెత్తిన పెట్టాడు. అరచేతిలో ఇమిడే జీపీఎస్ యంత్రం ఒకటిచ్చి, మూడు రోజులు పట్టుకు తిరిగి, అది చెప్పే దూరాలు సరైనవో కావో ఫారంలో రాయమన్నాడు. సరైనవైతే ఆటగాడికొకటి ఇస్తారట. సంచీలకు చక్రాల బళ్ళు వస్తాయట. పద్నాలుగు మందీ ఇక రానక్కర్లేదట. ఇదంతా కాఫీ తాగుతూ తేలిగ్గా చెప్పేశాడు మహానుభావుడు. బాబాయికి యాభై తొమ్మిదేళ్ళొచ్చాయి, ఇంకో పని చేతకాదు.

మొదటి రోజు ఎండలో అంకెలు కనిపించవేమోనని ఆశపడ్డాడు. శుభ్రంగా కనిపించాయి. తడి వేళ్ళతో నొక్కి చూశాడు. చక్కగా పనిచేసింది. ఆరో గ్రీన్ దాకా తన లెక్కకీ దాని లెక్కకీ గజం తేడా లేదు. ఏడో దగ్గర మాత్రం అది నూట నలభై ఏడు చూపించింది. గ్రీన్ నూట అరవై రెండులో ఉంది. బాబాయికి ప్రాణం లేచొచ్చింది. అయినా పొరపాటు తనదేమోనని అడుగులు లెక్కపెట్టుకుంటూ వెళ్ళి, యంత్రం చెప్పిన చోటే నిలబడ్డాడు. మళ్ళీ కొలిచాడు, మళ్ళీ వచ్చి అక్కడే నిలబడ్డాడు. అలా గంటసేపు గడిచింది.

రెండో రోజు వచ్చేసరికి గ్రీన్ సరిగ్గా ఆ నూట నలభై ఏడులోనే కూర్చునుంది. నమ్మలేక ఆ రోజంతా దానిమీదే తచ్చాడాడు. మూడో రోజూ అది కదల్లేదు. అప్పుడు తెలిసింది ఆయనకు, ఇన్నేళ్ళుగా అది ఎందుకు జరుగుతోందో. ముందురోజు పగటిపూట తను ఎక్కడ ఎక్కువసేపు ఉంటే అక్కడికొచ్చి చేరుతోంది. తన కొలతే తన కొంప ముంచింది. ఫారం ఇవ్వాల్సింది మర్నాడే.

సంగతంతా విని ఆయన భార్య, "మొదటి రోజుది ఒక్కటే రాయండి. అది అబద్ధం కాదుగా," అంది.

"నిజమూ కాదే," అన్నాడు బాబాయి.

అన్నం సయించలేదు. మూడుసార్లు రాసి, మూడుసార్లు కొట్టేశాడు. చివరికి మూడు రోజుల లెక్కలూ రాసి, యంత్రం సరిగ్గానే చెబుతోందనీ, ఏడోది తన వెంట నడుస్తోందనీ రాశాడు. సెక్రటరీ 'సరిగ్గానే' దగ్గర చదవడం ఆపేశాడు.

మర్నాడు మధ్యాహ్నానికి పద్నాలుగు మందినీ పంపేశారు. ఎవరూ ఆయనతో మాట్లాడలేదు. తను చెయ్యి పట్టుకుని పని నేర్పిన కుర్రాడొకడు మాత్రం, "మా నోటి దగ్గర కూడు నువ్వే లాగేశావు బాబాయ్," అని వెళ్ళిపోయాడు. రెండు రోజులు ఆయన గుమ్మంలోంచి లేవలేదు. ఎందుకు బతికున్నానా అనిపించింది.

మూడో రోజు పొద్దున తలుపు తీసిన భార్య, "మీకోసం వచ్చిందండీ," అంది. వీధికి ఆ గోడ నుంచి ఈ గోడ దాకా, జెండాతో సహా పరుచుకునుంది ఏడో గ్రీన్. ఎదురింటాయన సైకిలు దాని అంచు వెంట జాగ్రత్తగా నడిపించుకుపోతున్నాడు.

పది గంటలకల్లా సెక్రటరీ చెమటలు కక్కుతూ వచ్చాడు. యంత్రం నూట నలభై ఏడంటే నమ్మి ఎవరో పెద్దమనిషి కొట్టాడట, బంతి వెళ్ళి మట్టిలో పడిందట. ఎల్లుండి పెద్ద పోటీ ఉందట. గ్రీన్ తీసుకొస్తే ఆయన పని ఆయనకిచ్చేస్తానన్నాడు.

బాబాయి చెప్పులేసుకుని వీధిలో ఎడమవైపు బయల్దేరాడు. వెనకాల గడ్డి మెల్లగా జరగడం మొదలుపెట్టింది.

"మైదానం అటు కదా," అన్నాడు సెక్రటరీ కుడివైపు చూపిస్తూ.

"ఇటు మావాళ్ళవి పదమూడు ఇళ్ళున్నాయి సార్. ప్రతి గుమ్మం ముందూ నిలబడతాను. వాళ్ళు నాతో బయల్దేరేదాకా నేను కదలను."

సెక్రటరీ జెండా కర్ర కరెంటు తీగలకు తగులుతోందని, దాన్ని పీకి భుజాన వేసుకుని ఆయన వెనకాలే నడిచాడు.