ఒక్క ఆడ ఈగ

పళ్ళెంలోని మట్టిని కుంచెతో మెల్లగా పక్కకు తోసి గూళ్ళు లెక్కపెట్టాడు పురుగుల బాబాయ్. తొమ్మిది. నిన్న సాయంత్రానికి పద్నాలుగున్నాయి. అంటే తెల్లారేలోగా అయిదు ఈగలు బయటికొచ్చాయన్నమాట. పసుపు ఒళ్ళు, నల్ల తల, గాజు మూత కింద కాళ్ళు దులుపుకుంటూ తిరుగుతున్నాయి. ఒక్కోదాన్నీ గాజు గొట్టంలోకి ఎక్కించి, కిటికీ వెలుగుకు పట్టి, భూతద్దం ఒక కంటికి ఆనించి రెండో కన్ను గట్టిగా మూసుకున్నాడు. మగది. ఇదీ మగదే. అయిదోదాన్ని చాలాసేపు చూశాడు. ఎంతసేపు చూస్తే మాత్రం మారుతుందా! అయిదూ మగవే.

ఇప్పటికి నూట ఎనభై ఆరు ఈగలు వచ్చాయి. వాటిలో ఒక్క ఆడదీ లేదు.

వీటిని రంపపు ఈగలంటారు. పేరుకు ఈగలే గానీ కందిరీగలకు దగ్గర చుట్టాలు. ఆడదాని పొట్ట చివర రంపంలాంటి చిన్న పనిముట్టు ఉంటుంది. దానితో ఆకు అంచును కోసి ఆ చీలికలో గుడ్డు దాస్తుంది. అందులోంచి వచ్చిన నల్ల పురుగు ఆవ ఆకులు తెగ మేసి, మట్టిలోకి దిగి గూడు కట్టుకుంటుంది. ఎవరైనా ముట్టుకుంటే చుట్ట చుట్టుకుని చచ్చినట్టు నటిస్తుంది. రైతులు దాన్ని చూస్తే పళ్ళు కొరుకుతారు. దాన్ని చంపే మందులు పరీక్షించాలంటే ముందు దాన్ని పెంచాలి కదా! అందుకే ఈ పరిశోధన కేంద్రంలో దానికొక గది ఉంది. ఆ గదిలో ఇరవై ఆరేళ్ళుగా ఒకే వంశాన్ని, తరం వెనక తరం తెగిపోకుండా, కంటికి రెప్పలా చూసుకుంటున్నవాడు బాబాయ్.

పెళ్ళి చేసుకోలేదు. అక్క సంబంధం తెచ్చిన ప్రతిసారీ "ఈ తరం గూళ్ళు కట్టుకోనీ అక్కా" అనేవాడు. తరాలు మూడు వందలు దాటాయి. సంబంధాలు ఆగిపోయాయి, కొన్నాళ్ళకు అక్కా పోయింది. సెలవు రోజుల్లో కూడా మేత వెయ్యాలన్న వంకతో వచ్చేసేవాడు. నిజానికి ఇంట్లో ఉన్నది ఒకటే కుర్చీ. దానికి ఎదురుగా గోడ.

తప్పు ఎలా జరిగిందో అతనికి బాగా తెలుసు. ప్రతి తరంలోనూ ఆడవాటిని, మగవాటిని వేరుచేసి, ముప్పై ఆడవాటికి పన్నెండు మగవి చొప్పున వలపెట్టెలో వెయ్యాలి. ఏడాదిగా చూపు మసకబారింది. చెబితే ఈ గది నుంచి పంపించేస్తారని ఎవరికీ చెప్పలేదు. కిందటి తరంలో భూతద్దం పట్టుకుని తంటాలు పడలేక, ఒళ్ళు చూసి వేరుచేశాడు. లావుగా ఉంటే ఆడది, సన్నగా ఉంటే మగది. ఆ తరంలో మేత చాలక బక్కచిక్కిన ఆడవి కొన్ని ఉన్నాయని గుర్తుకు రాలేదు. వాటినే మగవనుకుని పెట్టెలో వేసి, మిగిలినవన్నీ పరీక్షలకు పంపేశాడు.

మగతోడు లేకపోయినా రంపపు ఈగ గుడ్లు పెడుతుంది. కాకపోతే ఆ గుడ్లలోంచి మగవే పుడతాయి. పురుగులు నిగనిగలాడుతూ పెరిగాయి. అంతా బాగుందని కేంద్రాన్ని చూసుకునే ఆఫీసరమ్మకు చెప్పాడు కూడా. గూళ్ళు విచ్చుకుని వరసగా మగవే రావడం మొదలయ్యాక జరిగిందేమిటో అర్థమైంది. వేరుచెయ్యక ముందే ఏ ఆడదైనా మగదాన్ని కలిసి ఉంటే, ఒక్క ఆడ పిల్ల పుట్టకపోతుందా అని ఆశ. ఒక్కటి పుడితే వంశం నిలబడుతుంది.

పదకొండింటికి తోటమాలి కిటికీలోంచి తొంగిచూశాడు.

"ఏంటి బాబాయ్, ఆకులకి రావట్లేదు? పురుగుల్ని పస్తులు పెడుతున్నావా?"

"గూళ్ళలో ఉన్నాయిలే."

"మరి పిల్లలు?"

"అందరూ మగపిల్లలే."

"ఇంకేం, అచ్చం నీ పోలిక! ఒక్కటికీ పెళ్ళి కాదు."

తోటమాలి పగలబడి నవ్వాడు. బాబాయ్ కూడా నవ్వాడు గానీ, ప్రాణం చివుక్కుమంది. పాపం, వాడికేం తెలుసు! ఈ చుట్టుపక్కల తనని నవ్వుతూ పలకరించేది వాడొక్కడే.

మధ్యాహ్నానికి మరో నాలుగు విచ్చుకున్నాయి. నాలుగూ మగవే. భూతద్దం బల్ల మీద పెట్టేసి, ముఖం కడుక్కుని, చొక్కా గుండీలు సరిచేసుకుని ఆఫీసరమ్మ గదికి వెళ్ళాడు.

"అమ్మా, ఒక మాట."

"కూర్చోండి బాబాయ్ గారూ."

కూర్చోలేదు. "తప్పు చేశానమ్మా. కిందటిసారి పెట్టెలో మగవి పడలేదు. అన్నీ ఆడవే వేశాను. నాకు కళ్ళు సరిగ్గా కనబడ్డం లేదు."

ఆమె పెన్ను పక్కన పెట్టి అంతా విన్నది. కోప్పడుతుందని అతను తల వంచుకుని నిలబడ్డాడు.

"ముందే చెప్పాల్సింది కదండీ! సరే, కంగారు పడకండి. ఏ ఆవ చేలో చూసినా ఇవేగా. రేపు పొద్దున్నే వెళ్ళి నాలుగు డబ్బాలు పట్టుకొద్దాం. అటునుంచటే కళ్ళ డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్తాను."

"అవి వేరమ్మా."

"ఏం వేరండీ? అదే ఈగ, అదే పురుగు."

ఆమె మాటలో ఏ తప్పూ లేదు. పైగా అంత ఆదరంగా అతనితో మాట్లాడినవాళ్ళు ఈమధ్య ఎవరూ లేరు. అయినా ఇరవై ఆరేళ్ళు ఒక్క పొద్దుటి పనిలో, నాలుగు డబ్బాల్లో సర్దుకుపోతాయని తెలిశాక నిలువునా నీరుకారిపోయాడు. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేదనిపించింది. తలూపి వచ్చేశాడు.

ఎండ వాలేసరికి పళ్ళెంలో ఒకే ఒక్క గూడు మిగిలింది. బాబాయ్ తోటలోకి వెళ్ళాడు.

"ఒక లేత ఆకు కోసివ్వరా."

"ఒక్కటేనా? దేనికి?"

"ఒక్కటి చాల్లే."

మగ ఈగలకు ఆకుతో పనిలేదు. ఆ సంగతి అతనికన్నా బాగా తెలిసినవాళ్ళు ఎవరున్నారు! అయినా కాడను నీళ్ళ సీసాలో గుచ్చి, వలపెట్టె మధ్యలో నిలబెట్టాడు. కుర్చీని బల్ల దగ్గరికి లాక్కుని, ఆఖరి గూటి ఎదురుగా కూర్చున్నాడు. ఛాతీలో కొంచెం బరువుగా అనిపించింది. మధ్యాహ్నం తిననందుకేమోలే అనుకున్నాడు. గూడు ఎప్పుడు కదులుతుందో చూడాలి, రెప్ప వెయ్యకూడదు అనుకున్నాడు.

ఆఫీసు మూసే వేళకు తోటమాలి తాళాలు ఊపుకుంటూ వచ్చాడు.

"బాబాయ్, ఇక లే. తాళం వెయ్యాలి."

గడ్డం గుండెకు ఆనించి, అరచెయ్యి బల్ల మీద తెరిచిపెట్టి కూర్చున్నాడు బాబాయ్. కునుకు పట్టిందేమోనని తోటమాలి రెండుసార్లు పిలిచాడు. భుజం మీద చెయ్యి వేశాడు. ఒళ్ళు చల్లబడి ఉంది. తరువాత ఆఫీసరమ్మ కోసం వరండాలోకి పరిగెత్తాడు.

మర్నాడు పొద్దున చేలవైపు ఎవరూ వెళ్ళలేదు. ఆఫీసరమ్మ ఒక్కతే ఆ గదిలోకి వచ్చింది. ఆఖరి గూడు విచ్చుకుని ఉంది. ఈగను గొట్టంలోకి ఎక్కించి, భూతద్దం పెట్టి చూసింది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూసింది. మగదే. దాన్ని తీసుకెళ్ళి వలపెట్టెలో మిగతావాటితో కలిపింది. పెట్టె మధ్యలో, సీసాలో, ఆవ ఆకు వాడకుండా నిలబడి ఉంది. దాని అంచున ఎక్కడా ఒక్క గాటు లేదు.