పసుపు పెట్టిన దొర ఉత్తరం

తిరుపతిలో గుడి ఆఫీసులో పనిచేసి రిటైరైన రంగరాజుకు ఒక పిచ్చి ఉంది. నుదుట నిలువు నామం పెట్టుకుని, ఎప్పుడో ఏసు మాట చెప్పడానికి వచ్చిన పాదిరి దొరలు చేత్తో రాసిన ఉత్తరాల కోసం ఊళ్లన్నీ తిరుగుతాడు. ఆ అక్షరాల వంపులు చూస్తుంటే ఆయనకు ఆకలి కూడా తెలియదు. భార్య గోదాదేవికి మాత్రం ఒళ్లు మండుతుంది. ఆమె పట్టుచీరలు ట్రంకుపెట్టెలో మగ్గుతుంటే ఉత్తరాలు బీరువాలో దర్జాగా పడుకున్నాయి మరి.

చిత్తూరులో బెల్లం మండీ వాళ్లింటి పెద్దావిడ శకుంతలమ్మ దగ్గర ఒక ఉత్తరం ఉంది. వాళ్ల మామగారి తాతకు ఒక దొర స్వయంగా తెలుగులో రాసిన ఉత్తరమది. పండక్కి పంపిన బెల్లం బాగుందని, ప్రార్థన కాకముందే పిల్లలు సగం తినేశారని అందులో ఉంది. తెలుగులో రాసిన దొర ఉత్తరం రంగరాజు దగ్గర ఒక్కటీ లేదు. మూడేళ్లుగా ఆ ఇంటి గడప అరగదీస్తున్నాడు. ఆమె ఇస్తాననదు, ఇవ్వననదు.

ఆ శనివారం వెళ్తే చల్లగా చెప్పింది. రిటైరైన టీచరు పాల్ కూడా అడిగాడట, ఆయనకూ ఇదే పిచ్చి. వాళ్ల మతం పెద్దాయన రాసింది కాబట్టి ఆయనకివ్వడమే న్యాయమట. రేపు చర్చి నుంచి నేరుగా వస్తాడట. రంగరాజు ఘటికుడు కదా, అప్పటికప్పుడు ఒక శాస్త్రం పుట్టించాడు. పెద్దలు రాసిన కాగితాన్ని ఉత్తగా ఉంచకూడదని, నాలుగు మూలలా పసుపు రాసి, బొట్టు పెట్టి, దేవుడి దగ్గర ఉంచాలని చెప్పాడు. పసుపు చూసి పాల్ వద్దనేస్తాడు, ఇక అది తనదే. మూలల్లో కాస్త పసుపంటితే ఓర్చుకోవచ్చు. ఇదీ ఆయన లెక్క.

ఆదివారం ఏమీ ఎరగనట్టు మళ్లీ అక్కడికే చేరాడు. పాల్ వచ్చి పసుపు పెట్టిన ఉత్తరం చూశాడు. మొహం చిట్లించలేదు సరికదా, మురిసిపోయాడు. తన దగ్గరున్న వాటిల్లో సగానికి పసుపు ఉందని, ఏ ఇంట్లో ఎంత మర్యాదగా దాచారో అదే చెబుతుందని అంటూ చెయ్యి చాచాడు. రంగరాజుకు ఏడుపొక్కటే తక్కువ.

శకుంతలమ్మ మాత్రం ఉత్తరాన్ని వెనక్కి లాక్కుంది.

"పసుపు పెట్టి పూజలో ఉంచినాక ఇంట్లోంచి యాడికి పంపేదప్పా? ఇంక అది దేవుడి సొత్తు. ఈ సామే కదా చెప్పినాడు," అంది.

పాల్ విషయం పసిగట్టేశాడు. "మంచి పని చేసినావన్నా. నీకూ లేదు, నాకూ లేదు," అని పడీపడీ నవ్వాడు. పాపమనిపించి బస్టాండులో కాఫీ కూడా తాగించాడు.

తనలో తాను తిట్టుకుంటూ ఇంటికొచ్చిన రంగరాజు గుమ్మంలోనే ఆగిపోయాడు. మంచం మీద ఆయన ఉత్తరాలన్నీ వరసగా ఆరబెట్టి ఉన్నాయి. ప్రతిదానికీ నాలుగు మూలలా పచ్చటి పసుపు. తెరిచిన బీరువా నిండా పట్టుచీరలు.

గోదాదేవి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది.

"శకుంతలమ్మ ఫోన్ చేసి మీరు చెప్పిన శాస్త్రమంతా చెప్పింది. ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదు మీరు? ఆరినాక పూజగదిలో పెడతాను. ఇంక మడి కట్టుకోకుండా వాటిని ముట్టుకోబోకండి."