కొట్టం మూలరాళ్ళు

పంపకాల్లో పెద్దిల్లు బావగారికి, దాన్ని ఆనుకున్న రాతి కొట్టం చిన్నకోడలి మొగుడికి వచ్చాయి. ఆనాటి నుంచి ఆవిడ పేరు 'కొట్టంవాళ్ళావిడ' అయిపోయింది. కింద ఆవులు, పైన అటక మీద సంసారం. అయితేనేం! రెండు మూరల మందం గోడలు. గడ్డిబండి నిలువునా లోపలికి వచ్చేంత కమాను. ఒక్క దూలమైనా పుచ్చలేదు. కమాను కింద నిలబడి పైకి చూసినప్పుడల్లా ఆవిడకి ఒళ్ళు పొంగిపోయేది.

బావగారికి మాత్రం ఆ కొట్టం కంట్లో నలుసు. అది కూల్చేస్తే తన పడకగదికి కిటికీ వస్తుందట.

"పశువుల కోసం మా ఇంటికి తర్వాతెప్పుడో తగిలించిందమ్మా అది. వెనకాల రేకుల షెడ్డు వేయించి ఇస్తాగా," అన్నాడు.

ఆవిడ మొగుడు అన్న ఎదుట నోట్లో నాలుక లేని మనిషి. సరేనని తల ఊపి వచ్చాడు. ఊపడానికేం, తల ఉందిగా!

మేస్త్రీ వచ్చిన రోజున, పిలవకపోయినా బావగారి పడకగదిలోకి వెళ్ళి నిలబడింది. ఇంటికీ కొట్టానికీ అతుకు ఎక్కడుందో చూద్దామని మేస్త్రీ మూలన సున్నం పెచ్చులు రాల్చాడు. రాల్చి, అలాగే ఆగిపోయాడు.

"అయ్యా, ఈ మూలరాళ్ళు కొట్టానివండి."

"అయితే?"

"కింద నుంచి పైదాకా ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, అన్నీ చెక్కిన రాళ్ళు. బయటికి కనబడే మూలకే ఇలా చెక్కిన రాళ్ళు పెడతారు. ఇంత పని చేసి మూల తిప్పారంటే, అప్పటికి ఇక్కడ కొట్టం ఒక్కటే ఉందన్నమాట. మీ గోడలు తర్వాత వచ్చి దీనికి ఆనాయి. ఇటువైపు మీకు వేరే గోడే కట్టలేదండి. మీ దూలాలు కూడా దీంట్లోనే దిగాయి."

"నీ మొహం! పెద్దిల్లే ముందు కట్టారని మా తాత చెప్పేవాడు."

"తాతగారు పుట్టేసరికే రెండూ ఉండుంటాయి లెండి."

బావగారు గోడ తట్టి చూశాడు. దూలం వంక చూశాడు. మంచం కాస్త ఇవతలికి లాక్కున్నాడు.

ఆవిడ ఆనందం పట్టలేకపోయింది. నాలుగు దులిపేద్దామని మాట నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆ రాళ్ళ వరస అంత దర్జాగా నిలబడి ఉంటే, దాని ముందు దెబ్బలాటకి మనసు రాలేదు. అరచేత్తో ఒక రాయి మీది సున్నం తుడిచింది.

"అయితే మీకున్నవి మూడు గోడలేనన్నమాట బావగారూ, నాలుగోది మాది," అంది. "మనలో మనకేముంది, వాడుకోండి."