పదిహేడో ప్లేటు కొలత

ముప్పై నాలుగేళ్లు ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో, చక్రాల సెక్షనులో పనిచేశాను. చక్రం అంచు ఎంత అరిగిందో కొలవడం, పనికొస్తే పంపడం, పనికిరాకపోతే సుద్దముక్కతో దాని మీద అడ్డగుర్తు పెట్టడం నా ఉద్యోగం. రిటైరయ్యాక అక్కడే ఝపటాపూర్‌లో చిన్న ఇల్లు కట్టుకున్నాం. కొలతలకు వాడిన నా సొంత వెర్నియర్ స్కేలు ఇప్పటికీ దేవుడి అల్మరా కింది అరలో నూనెగుడ్డలో చుట్టి ఉంటుంది. విశ్వకర్మ పూజనాడు దానికీ బొట్టు పెడతాను.

ఆ వెర్నియర్ వల్లే రష్మిత మా ఇంటికి అలవాటైంది. ఆమెది సూర్యాపేట. ఇక్కడి పెద్ద ఇంజనీరింగ్ కాలేజీలో పరిశోధన చేస్తూ ప్రేమ్ బజార్‌లో గది తీసుకుని ఉంటోంది. ఒకరోజు మా వీధి చివర దేముడనే అతని కోడిమాంసం కొట్టుకి వచ్చి, ఒక ముక్క మెడచర్మం కావాలని అడిగిందట. దేముడు హడలిపోయి ఆమెను తిన్నగా మా ఇంటికి తీసుకొచ్చాడు.

“నాగభూషణం మావా, ఈ పాప తెలుగోలమ్మాయే గానీ ఏటో తోలు అడుగుతాంది. నా కొట్టు మూయించీడానికేటి?”

“మూయించడానికి కాదన్నా, చూడటానికే” అంది ఆమె నవ్వి.

కూర్చోబెట్టి టీ ఇస్తే తన పనేమిటో చెప్పింది. కోడిమాంసంలో, గుడ్లలో, కోళ్ల రెట్టలో మన కడుపు పాడుచేసే క్రిములుంటాయి. వాటి మీద మన మందులు ఇంకా పనిచేస్తున్నాయా, లేక అవి మందులకు లొంగకుండా మొండికేశాయా అని నెలనెలా కనిపెట్టి చూడాలి. గుండ్రటి ప్లేటులో క్రిములను పలచగా పరిచి, పైన మందు పట్టించిన చిన్న బిళ్లలు పెడతారట. మందుకి లొంగే క్రిములైతే బిళ్ల చుట్టూ పెరగలేక ఖాళీ వలయం ఏర్పడుతుంది. ఆ వలయాన్ని కొలుస్తారు. ఫలానా మందుకి పదిహేను మిల్లీమీటర్లు, ఆ పైన ఉంటే పనిచేస్తున్నట్టు. పదకొండు, అంతకు లోపైతే పనిచేయనట్టు.

“అంటే మా గేజీ లాంటిదే. ఇటైతే పాస్, అటైతే రిజెక్టు” అన్నాను.

“అంతే తాతా! నాకూ మా ల్యాబ్ అమ్మాయికీ కొలత ఒక మిల్లీమీటరు తేడా వస్తోంది. అదే తిప్పలు.”

“కన్ను పక్కనుంచి పెడుతున్నారేమో. నిటారుగా చూడాలి.”

ప్లేట్లు ల్యాబ్ బయటికి తేకూడదు. అందుకని వాటి ఫోటోలు అసలు సైజులో ప్రింటు తీసి తెచ్చింది. రెండు ఆదివారాలు కూర్చుని వెర్నియర్ పట్టడం నేర్పాను. మూడో ఆదివారానికి నా కొలతా ఆమె కొలతా ఒకటే అయ్యాయి. చాలా రోజుల తర్వాత నేనెందుకో పనికొచ్చినట్టనిపించింది.

ఆ ఉత్సాహంలోనే ఒక మాట జారాను. జ్యేష్ఠంలో మా వీధిలో అమ్మవారి పండగ చేస్తాం. మా తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్లు తెచ్చుకున్న పండగ. కోళ్లు కోసి, వీధంతా ఒకచోట వండుకుని తింటాం. నిరుడు నాకు జ్వరం తగిలి పదిరోజులు మంచం దిగకపోతే, మా ఆవిడ సత్యవాణి అమ్మవారికి ఐదు కోళ్లు మొక్కింది. ఆ ఐదూ మా పెరట్లో పెరుగుతున్నాయి. పండగ పెద్దల్లో నేనొకణ్ణి. రైలు గార్డుగా చేసి రిటైరైన హరిబాబు కోళ్లు బజారులో తెద్దామంటే, అందరిముందూ కొట్టిపారేశాను.

“బజారు కోళ్లలో ఏముందో నాకు తెలుసు, ప్లేట్లు చూస్తున్నాను. అమ్మవారికి మా పెరటి కోళ్లే ముందు. కావాలంటే వాటినీ పరీక్ష చేయిస్తాను.”

“సేయించు మరి. కోళ్లకి కూడా ఫిట్ సర్టిఫికేట్ ఇచ్చీ” అన్నాడు హరిబాబు.

రష్మిత మా కోళ్లగూటి నుంచి రెట్ట నమూనా తీసుకెళ్లింది.

పండగ ఇంకా తొమ్మిది రోజులుందనగా ఫోటోల కట్ట తెచ్చింది. ఏ దుకాణం పేరూ ఉండదు, నంబర్లే. ఒక్కొక్కటీ కొలిచి చెబుతుంటే ఆమె తన పుస్తకంలోని అంకెతో సరిచూస్తోంది. పదిహేను, పద్దెనిమిది, తొమ్మిది, పది. పదిహేడో నంబరు ప్లేటు దగ్గర నా చెయ్యి ఆగింది. బిళ్ల చుట్టూ వలయమే లేదు. బిళ్ల వెడల్పే ఆరు మిల్లీమీటర్లు. దాని అంచు దాకా క్రిములు దట్టంగా పెరిగి ఉన్నాయి.

“ఆరు. ఇది కొలవక్కర్లేదు తల్లీ, కంటికే తెలుస్తోంది. ఎవడి కొట్టుదో గానీ వాడి కోళ్లను ఊళ్లోకి రానివ్వకూడదు.”

ఆమె పుస్తకం మూసింది. “తాతా, మీ ఇంటిది కాబట్టి మీకు చెప్పొచ్చు. పదిహేడు మీదే.”

నేను ఒప్పుకోలేదు. నంబరు తారుమారైందన్నాను. దేముడి కొట్టు దగ్గర మా కోళ్లు ఏదో ఏరుకుని ఉంటాయన్నాను. రెండుసార్లు పరీక్ష చేశామని, రెండుసార్లూ ఇంతేనని ఆమె నెమ్మదిగా చెప్పింది. “వీటికి ఎప్పుడైనా మందులిచ్చారా?”

“పెరటికోళ్లకు మందులేమిటి?” అంటూనే సత్యవాణి వైపు చూశాను. ఆమె లోపలికెళ్లి, అమ్మవారి పటం వెనకనుంచి కుంకుమ పెట్టిన చిన్న స్టీలు డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. అందులో ఎరుపు పసుపు కాప్సూళ్లు. పక్కన ఇంకేవో సగం వాడిన అట్టలు.

“ఏమిటివి?”

“ఏటేటి? నువ్వు మిగిల్చినవే. డాక్టరు వారం మింగమన్నాడు. జొరం తగ్గీసరికి మూడోరోజే మానీసినావు. అమ్మే నిన్ను నిలబెట్టింది, ఆ మాత్రలు పారెయ్యకూడదని పటం ఎనక పెట్టినాను. మాఘంలో ఈదిలో కోళ్లు సచ్చిపోతాంటే, మొక్కు కోడి పండక్కి ముందే సస్తే మనకి మంచిది కాదు గదేటి? అందుకే అన్నంలో కలిపి పెట్టినాను.”

“ఎన్నాళ్లు?”

“రోజుకో సగం మాత్ర. మొన్న మంగళారం దాకా. అయిపోతే నీలవేణి ఇంట్లోయి, పోలమ్మ ఇంట్లోయి అడిగి తెచ్చినాను. అందరి దేవుడి అరల్లోనూ ఉన్నాయి, నా ఒక్కదాని దగ్గరేటి?”

అదీ సంగతి. మా వీధిలో జబ్బు తగ్గించిన మందును దేవుడి దగ్గర దాచడం అలవాటు. ప్రసాదంలాగే, పారేయడానికి చెయ్యి రాదు. నాకు కోపం రాలేదు. కోపగించుకునే హక్కు నాకెక్కడిది? వారం మింగాల్సినవి మూడు రోజులకే మానింది నేను.

రష్మిత సత్యవాణి చెయ్యి పట్టుకుంది. “అమ్మమ్మా, మీరొక్కరే కాదు, పెద్ద పెద్ద ఫారాల్లోనూ ఇదే చేస్తున్నారు. రోజూ కాస్త కాస్త మందు తగిలితే బలహీనమైన క్రిములు పోయి మొండివే మిగుల్తాయి. ఆ మొండివే పెరుగుతాయి.”

“అయితే ఈ కోళ్లు తినకూడదేటమ్మా?”

“ఇప్పుడొద్దు. మందు ఇంకా వాటి ఒంట్లో ఉంటుంది. ఇక క్రిములంటారా, బాగా ఉడికిస్తే చస్తాయి. భయం ఉడకక ముందే. పచ్చిమాంసం ముట్టిన చెయ్యి, కోసిన కత్తిపీట, అవే వడపప్పుకీ దోసకాయకీ తగిలితే అక్కడినుంచి కడుపులోకి పోతాయి. మొండి క్రిమి జబ్బు చేస్తే మామూలు మందు పనిచేయదు.”

నాకు కళ్లముందు మా పండగ మెదిలింది. ఒకటే కత్తిపీట. కోళ్లు కోశాక నీళ్లు చల్లి తుడిచి, దాని మీదే దోసకాయ ముక్కలు కోస్తారు. అవే చేతులతో నానిన వడపప్పు కలిపి చిన్నపిల్లలకు ముందు పంచుతారు. ఏటా చేస్తున్నాం. ఏటా పండగ తర్వాత నలుగురైదుగురు పిల్లలకు విరేచనాలు పట్టుకుంటే, దిష్టి తగిలిందనుకుంటున్నాం.

మర్నాడు పొద్దున అమ్మవారి పటం ముందు కూర్చున్నాను. అడగాలనిపించింది. తల్లీ, నీ మీద నమ్మకముంటే కాప్సూలు ఎందుకిచ్చాం? కాప్సూలు మీద నమ్మకముంటే నేను వారమంతా ఎందుకు మింగలేదు? రెండు పడవల్లోనూ సగం సగం కూర్చున్నామా? ఒక సంగతి మాత్రం స్పష్టంగా తెలిసింది. అంచు అరిగిన చక్రం మావాడు తెచ్చాడని ఏనాడూ పాస్ చేయలేదు. లేచి పెరట్లోకి వెళ్లి కోళ్లగూటి తలుపు మీద సుద్దముక్కతో అడ్డగుర్తు పెట్టాను.

“ఈదిలో సెప్పీస్తావేటి?” అంది సత్యవాణి. “ఇరవై ఏళ్లనుంచి వడపప్పు నా సేత్తోనే కలుపుతున్నాను. ఇంక నా సేతిది ముడతారేటి?”

“చెప్పకపోతే ముడతారు. అదే నా భయం.”

ఆమె లోపలికెళ్లి స్టీలు డబ్బా తెచ్చుకుంది. తర్వాత అంది, “అయితే నువ్వు సెప్పకు. నేనే సెప్తాను.”

ఆ సాయంత్రం పందిరి రాట దగ్గర అందరూ కూడినప్పుడు ఆమే చెప్పింది, స్టీలు డబ్బా చేతిలో పెట్టుకుని. నేను పదిహేడో ప్లేటు ఫోటో చూపించి, ఆరు మిల్లీమీటర్లంటే ఏమిటో చెప్పాను. హరిబాబు ఊరుకుంటాడా?

“ఏటి ఇన్‌స్పెక్టరు గారూ, ఊరందరి బండ్లూ ఆపీసి సొంత బండికే ఎర్రజెండా ఊపీసినారా?”

“నువ్వూ గార్డువేగా హరీ. పట్టా విరిగిందని తెలిసీ పచ్చజెండా ఊపుతావా?”

“ఊపను” అన్నాడు. “మరి మొక్కో? అమ్మ ఊరుకుంటాదేటి?”

దానికి సత్యవాణి దగ్గర జవాబు ఉంది. ఆలస్యమైన మొక్కుకి ముడుపు కట్టడం మనకు కొత్త కాదు కదా. పసుపుగుడ్డలో పసుపుకొమ్ము, ఒక్కో కోడిదీ ఒక్కో ఈక పెట్టి ముడివేసి అమ్మవారి దగ్గర ఉంచుతానంది. కోళ్లు వాటి పాటికవి బతుకుతాయి. మందు ఒంట్లోంచి పోయాక, రష్మిత సరేనన్నాక మొక్కు తీరుస్తుంది.

“బజారు కోళ్లయినా భయమే కదా?” అని ఎవరో అడిగారు. భయమేనన్నాను. వాటిలోనూ తొమ్మిది, పది కొలిచాను. అందుకే పని విడదీశాం. మాంసం ముట్టేది దేముడు, అతని తమ్ముడు. వాళ్ల కత్తి వాళ్లదే, పందిరికి ఆ చివర. వడపప్పు, దోసకాయ, పానకం ఈ చివర. మధ్యలో సబ్బు, నీళ్ల డ్రమ్ము.

పండగనాడు నేను కాపలా నిలబడ్డాను. దేముడు ఒకసారి అలవాటు కొద్దీ దోసకాయ ముక్క కోసం చెయ్యి చాపబోయాడు.

“దేముడూ, సిగ్నల్ ఎర్రగా ఉంది!” అని అరిచాడు హరిబాబు. పందిరంతా నవ్వింది. దేముడు సబ్బు దగ్గరికి నడిచాడు.

వడపప్పు ఎవరు కలపాలన్నది అక్కడే తేలిపోయింది. నీలవేణి గిన్నె తెచ్చి సత్యవాణి ముందు పెట్టింది. సత్యవాణి మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, అందరూ చూస్తుండగా కలిపింది. పిల్లలు వరసగా దోసిళ్లు పట్టారు. మా ఐదు కోళ్లూ పెరట్లోంచి, డప్పులకు జవాబిస్తున్నట్టు, అరుస్తూనే ఉన్నాయి.

ఆ తర్వాత పదిరోజులు ఇంటింటికీ వెళ్లి అడిగాను. పిల్లల్లో ఒక్కరికీ కడుపు నొప్పి రాలేదు. ఒక్క పండగతో ఏమీ తేలదని రష్మిత అంటుంది. నిజమే, ఒక్క చక్రం కొలిచి బండి మొత్తానికి పాస్ చీటీ ఇవ్వం. ఈలోగా మా స్టీలు డబ్బా నిండింది. వీధిలోవాళ్లు తమ దేవుడి అరల్లోని సగం అట్టలు తెచ్చి ఇస్తుంటే, ఎలా పారేయాలో కనుక్కుని రష్మిత తీసుకెళ్తోంది. అందరికంటే చివర హరిబాబు వచ్చాడు, రుమాల్లో మూటకట్టుకుని. “ఎవరికీ సెప్పకు” అన్నాడు.

మూడు నెలల తర్వాత మా గూటి ప్లేటు మళ్లీ కొలిచాం. ఈసారి కూడా ఆరే. సత్యవాణి ముఖం చూసి రష్మిత, ఒకసారి మొండికేసినవి తొందరగా మారవు, ఒక్కోసారి ఏళ్లు పడుతుందని చెప్పింది.

“పోనీలే, ముడుపు ఎక్కడికీ పోదు” అంది సత్యవాణి, కోళ్లకు ఒట్టి అన్నం చల్లుతూ.

నేను గూటి తలుపు మీద మాసిపోయిన అడ్డగుర్తును సుద్దముక్కతో మళ్లీ దిద్దాను. పక్కన ఆరు అని అంకె వేసి, కింద తేదీ రాశాను. దాని కింద ఇంకా చాలా తేదీలు పట్టేంత జాగా వదిలాను.