మ్యా నందకు ఏడో రోజు

మా చుట్టల పాకలో నేను చుట్టిన చుట్టలకంటే చదివిన పుస్తకాలే ఎక్కువ. నా గొంతు పెద్దది. నోరు అంతకంటే పెద్దదని నా పక్క చాప మీది చో చో అనేది. దాని నోటి ముందు నాదెంత!

పొద్దున్నే ఆడవాళ్ళమంతా చాపల మీద వరసగా కూర్చునేవాళ్ళం. ఒళ్ళో పళ్ళెం, అందులో సాపు చేసిన ఆకులు, పొగాకు పొడి, మొక్కజొన్న పొత్తు పీలికలు, జిగురుకి కాస్త మెత్తగా ఉడికిన అన్నం. చేతుల పని చేతులు చేసుకుపోతాయి, చెవులే ఖాళీ. అందుకని ఒకరు పుస్తకం చదవాలి. చదివే మనిషి పళ్ళెంలో మిగతావాళ్ళు తలా కొన్ని చుట్టలు వేసి ఆమె రోజు కూలి నిలబెట్టాలి. అదీ మా పాక కట్టుబాటు. నాకు చదవడమంటే ఎంత ఇష్టమో, కూర్చున్నచోటే కూలి రావడమంటే అంత ఇష్టం. అబద్ధమెందుకు!

ఇప్పుడా పాక ఉన్నచోట సెల్‌ఫోన్ల కొట్టు పెట్టారు. మొన్న అటు వెళ్తూ, ఆకు కాలే వాసన ఏమైనా మిగిలిందేమోనని ఆగి గట్టిగా పీల్చాను. "ఏం కావాలి అవ్వా?" అంది కొట్లో పిల్ల. ఏం చెప్పను ఆ పిల్లకి?

వీధి చివర అద్దె పుస్తకాల కొట్టు ఉండేది. పుస్తకాలన్నిటికీ పాత క్యాలెండరు కాగితాల అట్టలు. 'మ్యా నంద' నవల కొత్త భాగం మా ఊరు మౌల్మీన్‌కి పడవ దిగిందంటే, ఆ కొట్టతను ముందు మాకే ఇచ్చేవాడు. అభిమానం కాదు, భయం. ఒకసారి కరెంటాఫీసు గుమాస్తాకి ముందిచ్చినందుకు చో చో కొట్టు ముందు నిలబడి, అతని ముత్తాత దాకా అందర్నీ పలకరించి వచ్చింది.

మ్యా నంద నాగిని. నాగిని అంటే బుట్టలో పడుకుని బూర వినే పాము కాదు. తల మీద కిరీటంలా జుట్టు, తాటిచెట్టంత ఒళ్ళు, కోపంగా ఊపిరి వదిలితే అడవి అంటుకుంటుంది. రెండో భాగం అట్ట మీద బొమ్మ వేసినవాడు ఎవడో ఆమెకి నాలుగు కాళ్ళు పెట్టాడు, చీనా గుడి మీద డ్రాగన్‌కి ఉన్నట్టు. పాకలో ఆ రోజు పుస్తకం చదవనే లేదు, కాళ్ళ గురించే పోట్లాట. చివరికి చో చో నల్ల సిరా తెచ్చి నాలుగూ కొట్టేసింది. "ఇప్పుడు తిన్నగా పాకుతుంది తల్లి" అని పుస్తకం నా చేతికిచ్చింది.

కథలో గరుడులతో యుద్ధాలున్నాయి, రసవాదులున్నారు, దొంగ రాజులున్నారు. కానీ మేం ఎదురుచూసేది భాగం చివర కోసం. మ్యా నంద మొగుడు మనిషి, ఓడ నడిపేవాడు. మొదటి భాగంలోనే సముద్రం మీదకి వెళ్ళాడు, మళ్ళీ రాలేదు. ఎన్ని యుద్ధాలు చేసినా, ఎంత దూరం తిరిగినా, చివరి పేజీకల్లా ఆమె నది మొగ దగ్గరికొచ్చి, తల పైకెత్తి నుదుటి రత్నం వెలిగించేది. ఓడవాడికి దారి కనపడాలని. 'ఆమె సముద్రం వైపు చూసింది. తెరచాప కనబడలేదు.' ప్రతి భాగమూ ఈ మాటలతోనే ముగిసేది.

ఆ మాటలు చదివేటప్పుడు నేను తలెత్తకుండానే త్వే యీ అక్క చేతులు ఆగాయని తెలిసేది. ఆవిడ చుట్టే చప్పుడు వేరు.

త్వే యీ అక్క మొగుడు తున్ షిన్. చేపల పడవ మీద వెళ్ళాడు. ఆ వానాకాలం వెళ్ళిన పడవల్లో అదొక్కటే తిరిగి రాలేదు. శవం దొరకలేదు, చెక్కముక్క కూడా దొరకలేదు. అప్పటికి ఏళ్ళు గడిచాయి. అక్క మాత్రం అతని లుంగీలు ప్రతి అమావాస్యకీ ఉతికి ఆరేసి మడతపెట్టేది. తున్ షిన్ తల్లి ఓన్ కిన్ అవ్వ కూడా మా పాకలోనే, వేడి రేకు దగ్గర కూర్చుని ఆకులు సాపు చేసేది. అత్తా కోడళ్ళది ఒకటే ఇల్లు, ఒకటే కుండ. ఒక్క విషయంలో తప్ప ఇద్దరికీ మాటా మాటా వచ్చేది కాదు.

"ఒసేయ్, వాడికి అన్నదానం చేసి, ఆ పుణ్యం తీసుకుని పొమ్మని పేరు పిలుద్దామే" అనేది అవ్వ. "పుణ్యం అందక వాడు ఆకలితో ఇంటి చుట్టూ తిరుగుతున్నాడే. నాకు తెలుస్తోంది."

"బతికున్న మొగుడికి కర్మ చెయ్యమంటావా అత్తా? నువ్వసలు కన్నతల్లివేనా?"

"కన్నతల్లిని కాబట్టే అడుగుతున్నా."

"నేను ఒప్పుకోను. అంతే."

అవ్వ ఒక్కతే చెయ్యొచ్చుగా అనిపిస్తుంది. చెయ్యదు. తల్లి పొమ్మని పిలిచి, భార్య రమ్మని కూర్చుంటే వాడు ఎటూ పోలేక మధ్యలో నలిగిపోతాడని ఆవిడ భయం. ఇద్దరూ కలిసి వదలాలి. ఆ ఏడు అవ్వకి దగ్గు పట్టుకుంది. ఊపిరి తీసుకుంటుంటే పక్కవాళ్ళకి గుండె బరువెక్కేది. "నేను పోయేలోగా వాణ్ణి సాగనంపనివ్వవే" అని ఓరోజు పాకలో అందరి ముందూ అడిగేసింది.

త్వే యీ అక్క పళ్ళెంలోంచి తలెత్తలేదు. "ఆ నాగినిని చూడ్డం మానెయ్యమను అత్తా. ఆ రోజే నేనూ మానేస్తా" అంది.

అందరం నవ్వాం. మ్యా నంద అంత తేలిగ్గా మానేసే రకం కాదని మా ధీమా. అవ్వ ఒక్కతే నవ్వలేదు. ఆ మర్నాటి నుంచీ, ఎన్నడూ లేనిది, ఆవిడ కూడా కథ మీద చెవి పెట్టింది. ఎక్కడైనా గరుడుడు మ్యా నంద మీదకి దిగితే రేకు మీద ఆకు తిప్పడం మరిచిపోయేది. ఆ నాగిని ఓడిపోవాలని పాకలో కోరుకున్న మనిషి ఆవిడ ఒక్కతే. నాకది తెలుసు, తెలిసి ఆవిడ మీద కోపమూ వచ్చేది, జాలీ వేసేది.

చివరి భాగం వానల్లో వచ్చింది. అది చివరిదని మాకు తెలియదు. రేకుల కప్పు మీద వాన హోరుకి నేను అరిచి చదవాల్సి వచ్చింది. నది పొంగింది, కట్ట తెగింది, ఊరంతా మునగబోతోంది. మ్యా నంద నుదుటి రత్నం పీకి గండిలో పెట్టింది. రత్నం లేకపోతే నాగిని బతకదని మూడో భాగం నుంచీ మాకు తెలుసు. తెలిసీ చదివాను.

'నీళ్ళు ఆగాయి. ఆమె ఒళ్ళు చల్లబడింది. కట్ట మీద నిలబడ్డ పిల్లల్ని చూస్తూ ఆమె కళ్ళు మూసుకుంది. సముద్రం వైపు తల తిప్పలేదు.'

పేజీ తిప్పాను. తలనొప్పి మందు ప్రకటన ఉంది. ఇంకేం లేదు.

పాకంతా ఏడుపు. "ఏడిస్తే ఏడవండి గానీ ఆకులు తడపకండే!" అని పాక యజమానురాలు న్యున్ పెద్దమ్మ కసిరింది. కసిరి, పొగాకు నలక పడిందంటూ కళ్ళొత్తుకుంది. పొగాకు బస్తాలు ఆవిడకి అవతలి మూల ఉన్నాయి.

త్వే యీ అక్క ఏడవలేదు. "తప్పు చదివావు" అంది నాతో.

"లేదక్కా."

"మళ్ళీ చదువు."

చదివాను. అవే మాటలు.

"రాసినవాడికేం తెలుసు? ఇన్నాళ్ళు చూసిన మనిషి ఆఖర్న చూడకుండా పోతుందా?" అంటూ లేచింది. సగం పళ్ళెం అలాగే వదిలేసి వానలో వెళ్ళిపోయింది. సగం పళ్ళెం వదలడం మా పాకలో అప్పటిదాకా ఎవరూ చెయ్యని పని. అవ్వ గెలిచినట్టేమీ లేదు. కోడలు మరిచిపోయిన గొడుగు పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది.

ఆ తర్వాత రెండు మూడు రోజులు అక్క పనిలోకి రాలేదు. పాకలో ఏదీ సరిగ్గా జరగలేదు. ఆకులు మాడాయి, పిల్లి జిగురు గిన్నె తన్నేసింది. "మ్యా నందే. పోయిన ఏడో రోజున స్వాములకి అన్నం పెట్టి సాగనంపకపోతే ఇక్కడిక్కడే తిరుగుతుంది మరి. దానికి ఇంకో ఇల్లేది?" అంది చో చో. అది వేళాకోళానికే అంది. కానీ న్యున్ పెద్దమ్మకి దయ్యాలంటే హడల్. "చేసేద్దాం. భిక్ష ఖర్చు నాది" అనేసింది. ఒక్కసారి ఆ మాట బయటికొచ్చాక ఎవరికీ నవ్వు రాలేదు. చెయ్యకపోతే అన్యాయమనిపించింది.

ముగ్గురం బౌద్ధ మఠానికి వెళ్ళి పెద్ద స్వామికి మొక్కాం.

"పోయిందెవరమ్మా?"

"మ్యా నంద, స్వామీ" అంది న్యున్ పెద్దమ్మ.

"మన పేటేనా?"

"కాదు స్వామీ. నది మొగ దగ్గర."

చో చో ఆగలేకపోయింది. "పుస్తకంలో స్వామీ. నాగిని."

స్వామి విసనకర్ర కింద పెట్టాడు. తిట్లు పడతాయని మేం తలలు వంచేశాం. "అయ్యో, పోయిందా?" అన్నాడాయన. "నేనింకా ఆరో భాగంలోనే ఉన్నాను కదమ్మా!"

చో చో నోరు మూసుకోవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఆయన మళ్ళీ విసనకర్ర అందుకుని అన్నాడు. "అన్నం మీరు పెడుతున్నారు. పుణ్యం మీది, ఎవరికి పంచుకుంటారో మీ ఇష్టం. కానీ నీళ్ళు ధార పోసి పేరు పిలవాల్సింది దగ్గరి మనిషి. ఆమెకి ఎవరున్నారు?"

ముగ్గురికీ ఒకే పేరు తట్టింది. అడిగే పని నాకు పడింది, నోరు పెద్దది కదా.

వెళ్ళేసరికి త్వే యీ అక్క గడప మీద కూర్చుని చేప తోముతోంది. లోపల అవ్వ మిరపకాయలు దంచుతోంది. నేనింకా కూర్చోకముందే "పుస్తకం తెచ్చావా?" అంది అక్క. తెచ్చాను. ఆఖరి పేజీ మళ్ళీ చదివించుకుంది. విని చేప పక్కన పెట్టింది.

"కావాలనే తిప్పలేదంటావా?"

"నాకేం తెలుసక్కా. అలిసిపోయిందేమో."

"అలిసిపోయింది" అంది అక్క. చేప పొలుసు చేతికంటుకుంటే తుడుచుకుంది. "పాపం, ఎన్నాళ్ళని చూస్తుంది."

లోపల రోకలి చప్పుడు ఆగిపోయింది.

నేను మెల్లగా సంగతి చెప్పాను. అక్క తిడుతుందనుకున్నాను. "ధార నేనే పోస్తాను. దాని సంగతి మీకెవ్వరికీ తెలీదు" అంది. అవ్వ గుమ్మం దాకా వచ్చి, ఏదో అనబోయి, దగ్గు వచ్చి లోపలికి వెళ్ళిపోయింది. దగ్గు నిజంగానే వచ్చిందో లేదో.

ఏడో రోజు పొద్దున వాన తెరిపిచ్చింది. చాపలు కడిగి, పాక ఊడ్చి, పొగాకు బస్తాల మీద తెల్ల గుడ్డ కప్పాం. మొహింగా ఓన్ కిన్ అవ్వే వండింది. అరటి దవ్వ తరగడం దగ్గర్నుంచి ఎవర్నీ చెయ్యి పెట్టనివ్వలేదు. ఆ సేమ్యా, ఆ చేపల పులుసు వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. ఎన్ని కొట్లలో తిన్నా మళ్ళీ ఆ రుచి తగల్లేదు. స్వాములు తిన్నారు. పెద్ద స్వామి రెండోసారి వేయించుకున్నాడు. అద్దె పుస్తకాల కొట్టతను కూడా వచ్చి వెనకాల నిలబడ్డాడు, చో చోకి అందనంత దూరంలో.

స్వామి సూత్రం చదివాడు. త్వే యీ అక్క గిన్నె ముందు మోకాళ్ళ మీద కూర్చుని చెంబు వంచింది. నీళ్ళు బొట్టు బొట్టుగా పడుతున్నాయి. మా అందరి చేతులూ జోడించి ఉన్నాయి.

"పేరు చెప్పమ్మా" అన్నాడు స్వామి.

అక్క చెప్పలేదు. పేరు మరిచిపోయిందనుకుని నేను వెనకనుంచి "మ్యా నంద" అని గొణిగాను. వినపడనట్టే ఉంది. చెంబులో నీళ్ళు తగ్గిపోతున్నాయి. స్వామి ఆగి చూస్తున్నాడు. అవ్వ నా పక్కనే ఉంది. ఆవిడ ఊపిరి నాకు వినపడుతోంది, ఆ తర్వాత అదీ వినపడలేదు.

"తున్ షిన్" అంది అక్క.

రోజూ అన్నానికి కేకేసినట్టు, మామూలు గొంతుతో అంది. ధార తెగలేదు.

"మా ఆయన స్వామీ. సముద్రంలో పోయాడు." ఆ మాట ఆవిడ నోట మేం మొదటిసారి విన్నాం. "తున్ షిన్, మేం పెట్టిన అన్నంలో, చేసిన పుణ్యంలో నీ భాగం తీసుకో. తీసుకో. తీసుకో. మీ అమ్మ వండింది. కడుపునిండా తిని వెళ్ళు. నేనింక చూడను."

చెంబు ఖాళీ అయింది. మంచి పని జరిగిందని మేం 'సాధు' అనాలి.

"సాధు" అంది ఓన్ కిన్ అవ్వ. ముందుకి పాకి, కోడలి చేతిలోంచి ఖాళీ చెంబు తీసి పక్కన పెట్టి, ఆ తడి చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుంది. "సాధు, సాధు."