ఆగి ఆగి కోసే మిషన్

కట్టెల వ్యాపారంలోకి దిగిన రోజున నాగేందర్ చేతిలో ఉన్న ఆస్తి సగం రంపం. మిగతా సగం ముత్యాలుది. మనిషి నిలువు పొడవున్న ఉక్కు పలక, రెండు కొసలకూ రెండు కర్ర పిడులు. ఒక్కడికి పనికిరాని సరుకు కాబట్టి ఇద్దరూ చెరిసగం వేసుకుని కొన్నారు. ముత్యాలు అప్పటికి బావ కాలేదు. రంపం అవతలి కొసన ఉన్న మనిషి, అంతే. అతనిలో నాగేందర్‌కు నచ్చిన గుణం ఒక్కటే, నెట్టేవాడు కాదు. ఆ రంపంతో పనిలో కిటుకంతా అక్కడే ఉంది. మన వంతు వచ్చినప్పుడు లాగాలి, తర్వాత చేయి వదులు చేసి అవతలివాడికి ఇచ్చేయాలి. ఆత్రపడి నెడితే పలక వంగి చెట్టులో ఇరుక్కుంటుంది. నెట్టని మనిషి మళ్ళీ దొరకడు అనుకుని నాగేందర్ అతని చెల్లెలు సత్తవ్వను అడిగి చేసుకున్నాడు. సంబంధాల్లో అందరూ చూసేవి చూడలేదు, అది చూశాడు.

ఇవాళ పొద్దున చిక్కడపల్లి గల్లీలోని తన కట్టెల అడితిలో, తడికెకు ఆనించిన తుమ్మకట్టెల నీడన, అతను పాత కోతమిషన్ ముందు గొంతుక్కూర్చున్నాడు. ఇంజన్ కాలిపోయి నాలుగైదు రోజులైంది. తుక్కు ఇనుముకు వేసేముందు పనికొచ్చేవన్నీ విప్పి గోనెపట్టా మీద పెడుతున్నాడు. పొట్టి మనిషి, మెడ కురచ, మొహం మీద గడ్డం కన్నా రంపపు పొట్టే ఎక్కువ. ఏళ్ళ తరబడి ఇంజన్ అదురుకు కుడిచేతి చివరి రెండు వేళ్ళు పొద్దున్నపూట తెల్లగా పాలిపోయి, మొద్దుబారి ఉంటాయి. ఆ వేళ్ళను నోటి దగ్గర పెట్టుకుని ఊదుకుంటూ, మిగిలిన వేళ్ళతో నట్టు తిప్పుతున్నాడు.

ముత్యాలు సమ్మెట భుజాన వేసుకుని వచ్చి నిలబడ్డాడు. సన్నగా, ఎండిన బెరడులా ఉంటాడు. అరవై దాటాయి.

"ఏంది బావా, పీనుగ మీది నగలు గుంజినట్టు గుంజుతున్నవ్?"

"నగలున్నయ్ గాబట్టి గుంజుతున్న. నీ మీద గుంజుదామంటే మొలతాడు తప్ప ఏమున్నది?"

"అది గూడ పాతదే. నీకు రాదు తియ్." ముత్యాలు కిసుక్కున నవ్వి, సమ్మెట దించాడు. "మరి కొత్త మిషన్ ఇయ్యాల తెస్తవా? అశోక్‌నగరోళ్ళు నిన్న గూడ ఫోన్ జేసిన్రంట."

అశోక్‌నగర్‌లో ఒక పాత ఇంటి ప్రహరీలోపల చింతచెట్టు పడింది. ఇల్లు కూల్చి అపార్ట్‌మెంట్ కట్టేవాళ్ళు కట్టెలన్నీ నాగేందర్‌నే తీసుకోమన్నారు. జాగా త్వరగా ఖాళీ చేయాలి, అంతే షరతు. కొమ్మలు అయిపోయాయి. మొదలు దగ్గర నడుమంత ఎత్తున్న మాను మిగిలింది. దాన్ని కోస్తుండగానే పాత మిషన్ పొగ కక్కి ఆగిపోయింది.

"తెస్త. ఏది తేవాల్నో సూడాలె."

"సూసేదేముంది? పెద్దదే తే. పొద్దుగాల మొదలువెడితే మాపటిదాంక ఆగొద్దు."

"పెద్దది తెస్తే నువ్వేం జేస్తవ్?"

"చాయ్ తాగుత." ముత్యాలు మళ్ళీ సమ్మెట ఎత్తుకున్నాడు. "నువ్వు దుకాణానికి పో. నేనక్కడ కోసిన మొద్దులు పలగ్గొడుత."

నాగేందర్ అడిగిన ప్రశ్న తమాషాకు అడిగింది కాదు. ముత్యాలు మిషన్ పట్టడు. మొదటిసారి కొన్న మిషన్‌కు చైన్ తెగి అతని చెవి పక్కనుంచి పోయింది. అప్పటినుంచి మిషన్‌తో కోయడం నాగేందర్ పని, కోసిన మొద్దులను గొడ్డలితో, సమ్మెటతో పగలగొట్టడం ముత్యాలు పని. పెద్ద మిషన్ వస్తే ఆ రెండో పని ఉండదు. చైన్ తిరిగే దాని బార్ పొడవుకు ఎంత లావు మొద్దునైనా అడ్డంగా కోసి, నిలువునా కూడా చీల్చేయవచ్చు. పని లేకుండా ఊరికే పెట్టి పోషిద్దామా అంటే ముత్యాలు ఒప్పుకునే మనిషి కాదు. భార్య పోయి కవాడిగూడలో ఒంటిగదిలో ఉంటున్నాడు. పనికి వచ్చిన రోజే చెల్లెలింట్లో తింటాడు. పని లేని రోజు సత్తవ్వ వెళ్ళి పిలిచినా, తిన్నానని అబద్ధం చెప్పి పంపిస్తాడు.

నారాయణగూడలో జగదీశ్వర్ దుకాణం ముందు మోటారు పంపులు వరుసగా పెట్టి ఉన్నాయి. నాగేందర్ మెట్లు ఎక్కగానే అతను అడక్కుండానే రెండు మిషన్లు గాజుబల్ల మీద పెట్టించాడు.

"ఇది మీడియం. ఇది ప్రొఫెషనల్. నీకు నేను చెప్పేదేముందన్నా, నీ చేతులే చెప్తయ్. లేపి చూడు."

నాగేందర్ మొదట మీడియం మిషన్ లేపాడు. తేలిగ్గానే ఉంది. పైన ప్లాస్టిక్ తొడుగు, మూరెడు బార్. బల్ల మీద దించితే డొల్లగా చప్పుడైంది. రెండోది ఎత్తాడు. బరువు ఎక్కువే, కానీ ఆ బరువు ఒక పక్కకు లాగకుండా రెండు చేతుల్లోనూ సమంగా కూర్చుంది. ఇంజన్ చుట్టూ లోహపు గుల్ల. పిడికి, ఇంజన్‌కు మధ్య స్ప్రింగులు ఉన్నాయి. అతను పిడిని నొక్కి వదిలాడు. మెత్తగా దిగి లేచింది.

"అదురు చేతికి రాదు," అన్నాడు జగదీశ్వర్, అతని పాలిపోయిన వేళ్ళ వంక చూస్తూ.

నాగేందర్‌కు సరుకు తెలియక కాదు. లెక్క పెద్ద మిషన్ వైపే తేలుతోంది. ధర ఎక్కువైనా, ముత్యాలుకిచ్చే కూలి మిగిలితే రెండు వానాకాలాల్లో తేడా తిరిగొస్తుంది. వేళ్ళు బాగుపడతాయి. పెళ్ళి వంటలవాళ్ళు అప్పటికప్పుడు బండెడు కట్టెలు అడిగితే లేదనక్కర్లేదు. బుద్ధి ఉన్న వ్యాపారి ఎవడైనా రెండో మాట లేకుండా కొనే వస్తువు అది.

"మేకులొస్తయ్ సేటూ," అన్నాడు.

"ఏం మేకులు?"

"అశోక్‌నగర్ చెట్ల సంగతి నీకెర్క లేదా? ఒక్కొక్క చెట్టుకు ఎన్ని కోచింగులు, ఎన్ని హాస్టళ్ళు! బోర్డు ఊడిపోతది, మేకు లోపల్నే ఉంటది. పైన బెరడు మూసుకుంటది. చెట్టు కోస్తుంటే కలెక్టర్లను తయారుచేసిన మేకులన్నీ బయటికొస్తయ్. అంత పిరమైన చైన్ గా మేకులకు పెట్టాల్నా?"

జగదీశ్వర్ నవ్వాడు. "మేకు తగిలితే దీని పళ్ళు పోతయ్, దాని పళ్ళూ పోతయ్. చైన్ అరిగితే ఇంకో చైన్ ఏసుకుంటవ్. దానికి మిషన్ తక్కువది కొంటరా ఎవరన్నా?"

"బరువు గూడ ఎక్కువనే ఉన్నది."

"ఇప్పుడే గదన్నా చేతుల్ల పువ్వు లెక్క తిప్పినవ్!"

నాగేందర్ ఇంక సాకులు వెతకలేదు. మీడియం మిషన్ మీద చేయి వేసి, అసలు అడగాల్సింది అడిగాడు.

"ఇది ఎంతసేపటికి ఆపాలె?"

"ట్యాంకు పెట్రోలు అయిపోయేదాంక కొయ్. తర్వాత జర చల్లారనియ్యాలె. ఆపకుండ కోస్తే పాత మిషన్ లెక్కనే అయితది."

"చల్లారెటందుకు ఎంతసేపు?"

"చాయ్ తాగేంత సేపు. కొంచెం ఎక్కువనే అనుకో." జగదీశ్వర్ కళ్ళజోడు పైకి జరుపుకున్నాడు. "మందంతా ఆగకుండ కోసేది అడుగుతరు. నువ్వు ఆగేది అడుగుతవేందన్నా?"

"ఆగినప్పుడు చేసే పని ఉన్నది మా దగ్గర."

మిషన్ చల్లారేలోపు ఒక మనిషి ఎన్ని మొద్దులు పగలగొడతాడో నాగేందర్‌కు తెలుసు. ఆ బార్ నిలువుకోతకు చాలదు కాబట్టి ఆ మనిషి ఉండి తీరాలి. అది ధర్మం కింద రాదు, కూలి కిందే వస్తుంది. ముత్యాలు కూడా కాదనలేడు. బేరం ఎక్కువసేపు ఆడలేదు. తన వ్యాపారంలో తెలిసి తెలిసి తక్కువ సరుకు కొనడం అదే మొదలు. అయినా ఆటోలో కూర్చుని పెట్టె ఒడిలో పెట్టుకున్నప్పుడు, మంచి బేరం చేసినవాడిలాగే ఉన్నాడు.

అశోక్‌నగర్ గల్లీలో పిల్లలు చంకలో లావుపాటి పుస్తకాలతో భోజనానికి పోతున్నారు. ప్రహరీలోపల చింతమాను ఉన్నచోటే ఉంది. దాని చుట్టూ పగలగొట్టిన కట్టె, ఎర్రటి కడుపు పైకి పెట్టి, వరుసగా పేర్చి ఉంది. ముత్యాలు లేడు. ఆ జాగాకు కాపలా ఉండే కమలవ్వ గేటు దగ్గర ఆకు నములుతోంది.

"అవ్వా, మా బావేడి? చాయ్‌కి పోయిండా?"

"నౌకరికి పోయిండు కొడుకా."

"ఏం నౌకరి?"

"ముంగటి గల్లీల ఆడపిల్లల హాస్టలున్నది గదా, దానికి వాచ్‌మెన్. మొన్ననే మాట్లాడుకున్నడు. ఇయ్యాల పొద్దటి సంది పలగ్గొట్టి పలగ్గొట్టి, ఇగో ఈడ నల్లా కింద మొఖం కడుక్కున్నడు, తెల్లంగి తొడుక్కున్నడు, పోయిండు. నీకు చెప్పలేదా?"

నాగేందర్ మిషన్ పెట్టెను ఆమె దగ్గర దించి, తువ్వాలు కప్పి, ముందు గల్లీలోకి నడిచాడు.

హాస్టల్ గేటు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో ముత్యాలు కూర్చుని ఉన్నాడు. తెల్లంగి మీద ఎవరో ముందు వాచ్‌మెన్ వదిలిన నీలం చొక్కా తొడిగారు. అది రెండు సైజులు పెద్దది. చేతులు మడతలు పెట్టుకున్నాడు. బావను చూసి లేవబోయి, మళ్ళీ కూర్చున్నాడు.

"చెప్పి పోతే నాలుక అరుగుతుండెనా?"

"చెప్తే వద్దంటవ్. నువ్వు వద్దంటే నేను ఆగుత. నేను ఆగితే నువ్వు పెద్ద మిషన్ కొనవు. నీ లెక్క నాకెర్క లేదా బావా?"

లోపలినుంచి ఒక అమ్మాయి "తాతా, బయటికి పోవాలె" అంది. ముత్యాలు లేచి గేటు తీశాడు. ఆమె పోయాక గొళ్ళెం వేసి, వేసిందో లేదోనని ఒకసారి లాగి చూశాడు.

"తెచ్చినవా?"

"తెచ్చిన."

"ఏది?"

ఎదుటి గోడ మీద కొత్తగా అంటించిన కోచింగ్ పోస్టరు తడి ఆరక జారుతోంది. నాగేందర్ దానివైపు చూశాడు.

"పెద్దదే."

"బార్ ఎంతుంటది?" ముత్యాలు రెండు అరచేతులు గాలిలో పెట్టి కొలత చూపించాడు. నాగేందర్ ఆ చేతులు పట్టుకుని ఇంకొంచెం ఎడం జరిపాడు.

"అబ్బో! అయితే నిలువుకు గూడ కోస్తది."

"కోస్తది."

"మంచిగైంది. సమ్మెట పనే తప్పింది." ముత్యాలు మొహం నిజంగానే విప్పారింది. "వేళ్ళు గూడ బాగయితయ్ నీకు. పో ఇగ, పొద్దువోతది. చెల్లెకు నేనే చెప్త."

"మాపటికి అన్నానికి రా."

"సూస్త."

నాగేందర్ తిరిగివచ్చి మిషన్ బయటికి తీశాడు. పెట్రోలులో ఆయిల్ కలిపి పోశాడు. తాడు రెండుసార్లు లాగితే అందుకుంది. కొత్త పళ్ళు చింతమానులోకి సులువుగా దిగాయి. తడిపొట్టు మోకాళ్ళ మీద పడింది. పుల్లని వాసన లేచింది. ఒకటి, మరొకటి, గుండ్రటి మొద్దులు తెగి పక్కకు దొర్లాయి. కమలవ్వ చెవులకు కొంగు అడ్డం పెట్టుకుంది. తర్వాత ట్యాంకు ఖాళీ అయి మిషన్ దానంతట అదే ఆగింది.

పెట్రోలు డబ్బా పక్కనే ఉంది. ఇంజన్ మీద చేయి పెట్టి చూశాడు, కాలింది. పోయకుండా మూత బిగించి కూర్చున్నాడు. ఆ చప్పుడు ముందు గల్లీలోకి వినిపించే ఉంటుంది. ఆగిందన్న సంగతి కూడా వినిపించే ఉంటుంది. చల్లారనియ్యాల్సిన మిషన్ ఏదో, అక్కర్లేనిది ఏదో ముత్యాలుకు చెప్పాల్సిన పని లేదు.

కమలవ్వ చాయ్ తెచ్చిచ్చింది. తాగుతూ నాగేందర్ ఈరోజు వచ్చినదాన్ని మనసులో కూడి చూసుకున్నాడు. మాను సగం తెగింది. రేపటికి జాగా ఖాళీ అవుతుంది, మాట దక్కుతుంది. కొత్త మిషన్ ఇంట్లోకి వచ్చింది. బావకు నీడపట్టున కుర్చీ, ఎండలో మొద్దులు మోయని జీతం దొరికింది. సత్తవ్వకు అన్న గురించిన బెంగ తీరింది. ఇంజన్ మీద మళ్ళీ చేయి పెట్టాడు. ఇంకా వేడిగానే ఉంది.

పొద్దున కట్టిన వరుస చివర, పగలకుండా మిగిలిన మొద్దు ఒకటి కనిపించింది. మొద్దు పగలడానికి ముత్యాలు సమ్మెటతో దిగగొట్టే ఇనుప చీల అందులోనే ఉండిపోయింది. అది అడితి సొత్తు కాదు, అతని సొంతం. రోజూ తువ్వాలులో చుట్టి ఇంటికి పట్టుకుపోయేవాడు. నాగేందర్ రెండు చేతులా పట్టి లాగాడు, కదల్లేదు. సగం దిగిన చీల లాగితే రాదు, మొద్దు పగిలితేనే వస్తుంది. సమ్మెట దెబ్బలకు తల అంచులు పువ్వులా విచ్చుకుని, ఎండకు వెచ్చబడి, అది చింతమొద్దులో నిటారుగా నిలబడి ఉంది.